మా అంగడి నెత్తిన రాసిన 'విజయ' ఏ విజయ?

ప్రశ్న: కర్నూలు వన్ టౌన్‌లో, షరాఫ్ బజార్‌కు కాస్త ఇవతల, మా జేజినాయన నాటి నుంచి మాకు రెండంతస్తుల అంగడి ఉంది. కింద చెప్పుల కొట్టు, ఫ్యాన్సీ షాపు అద్దెకున్నాయి. వెనక గోడౌను, పైన మేడ ఖాళీగా పడి ఉన్నాయి. పిట్టగోడ మధ్యలో ఒక పలక, దాని మీద 'శ్రీ విజయ నామ సం॥ మాఘ శు॥ 5' అని ఉంది. ఆ తర్వాత ఏవో అక్షరాలు సున్నం పొరల్లో పూడిపోయాయి, చివర '18' అని తెలుస్తుంది, దాని పక్కన పెచ్చు ఊడిపోయింది. మా పెద్దనాయన ఇది 1833లో నవాబుల కాలంలో కట్టిన మిద్దె అంటాడు. మా నాయన లెక్క 1893. మా జేజి ఉన్నప్పుడు 'మేడ మీద రాజధాని గుమాస్తాలు బాడుగకుండేవాళ్లు' అని చెప్పేది, అంటే 1953 నాటికి మేడ ఉందన్నమాట, కానీ ఎప్పటిదో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. 2009 వరదలో కాగితాలన్నీ నానిపోయాయి, ఒక తనఖా పత్రం జెరాక్సు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఇంట్లో సగం మంది పడగొట్టి కాంప్లెక్సు కడదామని, సగం మంది ఉంచుదామని పట్టుబట్టి ఉన్నారు. ఇంతకీ మా అంగడి వయసెంత? (పేరు రాయొద్దన్నారు, కర్నూలు)

జవాబు: మీ ఉత్తరం చదివాక ఒక రోజంతా దీని మీదే మనసు పోయింది, ఎందుకంటే మీ పెద్దనాయన, మీ నాయన ఇద్దరూ ఒకే పలకను చూసి అరవై ఏళ్ల తేడాతో చెరో సంవత్సరం చెబుతున్నారు, ఇద్దరి మాటలోనూ ఒక ఆధారం ఉంది. మీరు పంపిన ఫోటో పట్టపగలు ఎదురుగా నిలబడి తీసింది, అందులో అక్షరాలు తేలవు. అందుకే పోయిన నెల అనంతపురం నుంచి బస్సెక్కి వచ్చి చూశాను, మీ నాయనగారే తాళం తీసి నిచ్చెన పట్టుకున్నారు. చీకటి పడేదాకా ఆగి, టార్చిలైటును పలకకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, గోడకు దాదాపు ఆనించి పట్టుకున్నాం. అలా పట్టుకుంటే సున్నం పొర కింద ఉబ్బెత్తుగా ఉన్న ప్రతి గీతకూ నీడ పడుతుంది, ఎన్నేళ్లు సున్నం కొట్టినా దాగదు. '5' పక్కన 'సో॥' తేలింది. దాని తర్వాత 'శా.శ.' తేలింది. ఆ తర్వాతే మీరు చూసిన '18'.

ఆ రెండక్షరాలతో సగం గొడవ తీరింది. శా.శ. అంటే శాలివాహన శకం. మీ పెద్దనాయన ఆ 18ని క్రీస్తు శకం అనుకున్నారు, ఆయన తప్పేం లేదు, శా.శ. కనబడకపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు. శాలివాహన శకానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జనవరి నుంచి ఉగాది లోపు నెలలైతే 79 కలపాలి.

ఇప్పుడు విజయ సంగతి. మన సంవత్సరాల పేర్లు అరవై, అరవై ఏళ్లకోసారి మళ్లీ అదే పేరు వస్తుంది. విజయ 1833-34లో వచ్చింది, 1893-94లో వచ్చింది, 1953-54లో వచ్చింది, మొన్న 2013-14లోనూ వచ్చింది. మీ పెద్దనాయన చెప్పే 1833 నిజంగా విజయే, అప్పుడు కర్నూలులో నవాబు ఉన్నమాటా నిజమే. కంపెనీ వాళ్లు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి ఊరిని తీసుకున్నది 1839లో. కానీ ఆ విజయకు శాలివాహన శకం 1755, పలక మీద 17తో మొదలవ్వాలి. మీ పలక మీద 18 ఉంది కాబట్టి 1833 పోయింది. 2013కు 1935, అది ఎలాగూ కాదు. ఇక మిగిలినవి రెండే, శకం 1815 అంటే మీ నాయన చెప్పే 1893-94, శకం 1875 అంటే 1953-54. రెండూ 18తోనే మొదలవుతాయి, ఊడిపోయింది సరిగ్గా ఆ చివరి రెండంకెలే. మేస్త్రీ చెయ్యి కాస్త లోతుగా పడి ఉంటే మీ ఇంట్లో ఇన్నేళ్ల వాదన ఉండేది కాదు.

ఇక్కడ పనికొచ్చింది ఆ 'సో॥'. సోమవారం. తిథి, వారం రెండూ కలిసి ఉంటే పంచాంగం అబద్ధం చెప్పదు, ఎందుకంటే అరవై ఏళ్ల తర్వాత అదే తిథి వచ్చినా అదే వారం రానక్కర్లేదు. మాఘ శుద్ధ పంచమి అంటే శ్రీపంచమి, గృహప్రవేశాలకు, కొత్త లెక్కలకు మంచిదని జనం ఏరి పెట్టుకునే రోజు. 1954లో అది ఫిబ్రవరి 8న వచ్చింది, సోమవారం. 1894లో అదే పంచమి వారం చివర్లో పడింది, సోమవారం కాదు. కాబట్టి మీ పలక తారీఖు 1954 ఫిబ్రవరి 8. నాకు ఇందులో అనుమానం లేదు. నిచ్చెన దిగుతూ ఈ మాట చెబితే మీ నాయనగారి ముఖం చిన్నబోయింది, నాకూ బాధనిపించింది, కానీ అక్కడితో కథ అయిపోలేదు.

పలక ఎక్కడ ఉందో చూడండి. మేడ పిట్టగోడలో ఉంది, ఆ పిట్టగోడ సిమెంటుది. మేడ ముందరి బాల్కనీ కూడా సిమెంటు కాంక్రీటుదే, మూలలు గుండ్రంగా తిప్పి, కింద మూడు గీతలు లాగారు, యాభైల్లో మన ఊళ్లలో అంగళ్లకు, సినిమా హాళ్లకు ఇదే ఫ్యాషన్. అదే నిచ్చెన దిగి కింద అంగట్లోకి వస్తే గోడ మందం రెండడుగులకు పైనే. రాయీ ఇటుకా కలిపి గానుగ సున్నంతో కట్టిన గోడ, గోటితో గీకితే తెల్లగా పొడి రాలుతుంది. సిమెంటు గోడ అలా రాలదు. రెండూ ఒకే చేతి పని కావు, ఒకే కాలానివీ కావు. పలక పుట్టినరోజు మేడది మాత్రమే, కింది అంగడిది కాదు.

దీనికి రుజువు మీ చెప్పుల కొట్టులోనే ఉంది, రోజూ దాని కిందే కూర్చుంటున్నారు. అట్టపెట్టెలు కొన్ని పక్కకు జరిపి పక్కగోడ పైభాగం చూస్తే, ఇప్పటి కప్పుకు జానెడు కింద ఒకే వరసలో ఏడు చదరపు మచ్చలు కనిపించాయి. ఒక్కొక్కటీ అరచేయంత ఉంటుంది, చుట్టూ సున్నం, మధ్యలో వేరే రంగు ఇటుక ముక్కలు కుక్కి సిమెంటు పూశారు. ఎదురుగోడ మీద కూడా సరిగ్గా వాటికి ఎదురెదురుగా ఏడు. అవి పాత దూలాల గూళ్లు. అంటే మొదట ఈ అంగడికి కట్టె దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డంగా పరిచే సన్న కట్టెలు), వాటి మీద మట్టి, పైన చవుడు (ఉప్పు మన్ను) పరిచిన మట్టిమిద్దె ఉండేది. మన సీమలో పెద్ద షావుకారు అంగడైనా అప్పట్లో మట్టిమిద్దే, ఏటా వానలకు ముందు చవుడు తెచ్చి పైన పరిచేవాళ్లు. మట్టిమిద్దె నెత్తిన ఇంకో అంతస్తు నిలబడదు. అందుకే మేడ లేపేటప్పుడు దూలాలు పీకేసి, గూళ్లు పూడ్చి, కొంచెం ఎత్తు పెంచి, ఇనప పట్టెలు వేసి వాటి మీద బేతంచెర్ల బండలు పరిచారు. ఇప్పుడు మీరు తలెత్తితే కనిపించే నల్లటి బండలు అవే.

మీ దగ్గర మిగిలిన తనఖా పత్రం కూడా ఇదే మాట చెబుతుంది. జెరాక్సులో స్టాంపు బొమ్మ మసకగా ఉన్నా అది అయిదో జార్జిదే, ఆ రాజు 1910 నుంచి 1936 దాకా ఉన్నాడు. పత్రం లోపల ఫసలీ 1340 అని రాసి ఉంది, ఫసలీ అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం. ఫసలీకి 590 కలపండి, 1930 జూలై నుంచి 1931 జూన్ వరకు. ఇక షెడ్యూలు, అంటే చివర్లో ఆస్తి వివరాలు రాసే భాగం, చదవండి, మీరందరూ పత్రం ఎవరి పేరు మీద ఉందో చూసి మడిచి పెట్టారు కానీ అసలు విషయం షెడ్యూల్లో ఉంది. మూడు అంకణాల మట్టిమిద్దె అంగడి, వెనక ఒక పెంకుల కొట్టిడి, ఖాళీ జాగా. మేడ ప్రస్తావన లేదు. తనఖా పట్టేవాడు ఆస్తిలో ఒక్క గూటం కూడా వదలకుండా రాయించుకుంటాడు, మేడ ఉంటే రాయకుండా ఉండడు. కాబట్టి 1930-31 నాటికి కింది అంగడి ఉంది, మేడ లేదు.

వెనక గోడౌను సంగతి కూడా దీంతోనే తేలుతుంది. ఇప్పుడు అక్కడ పెంకులు లేవు, ఇనప పట్టెల మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు తిప్పిన కప్పు ఉంది, జాక్ ఆర్చి అంటారు. ఒక పట్టె నడుము మీద తుప్పు తుడిస్తే టాటా ఉక్కు కంపెనీ పొట్టి పేరు, టిస్కో, ఇంగ్లీషులో ఉబ్బెత్తుగా కనబడింది. జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారవడం మొదలైంది 1912లో, కాబట్టి ఆ కప్పు అంతకు ముందుది కాదు. తనఖా పత్రంలో అదే చోట పెంకుల కొట్టిడి ఉంది కాబట్టి ఇంకా ఇటు జరిగి 1931 తర్వాతిది. అంటే మీది ఒక్క అంగడి కాదు, మూడు దఫాలు. ముందరి అంగడి అన్నిటికంటే పాతది, గోడౌను కప్పు 1931 తర్వాతిది, మేడ 1954ది.

మేడ 1954 ఫిబ్రవరిలోనే ఎందుకు లేచిందో కర్నూలువాళ్లకు చెప్పనక్కర్లేదు, అయినా ఇప్పటి పిల్లల కోసం చెబుతాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో ఏదో ఒకటి రాయలసీమకు అనుకున్న మాట ప్రకారం రాజధాని ఇక్కడికి, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. ఒక మామూలు జిల్లా ఊరి మీదికి ఒక్కసారిగా సచివాలయం, శాసనసభ, వందలకొద్దీ గుమాస్తాలు, వాళ్ల కుటుంబాలు వచ్చిపడ్డాయి. ఆఫీసులకే చోటు చాలక డేరాలు వేశారు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగికి తలదాచుకోను ఒక గది దొరికితే పండగే. అలాంటప్పుడు నడిబజారులో ఒక అంతస్తు అంగడి ఉన్న మనిషి పైన నాలుగు గదులు వేయకుండా ఎలా ఉంటాడు? మీ జేజినాయన అక్టోబరు తర్వాత పని మొదలుపెట్టి శ్రీపంచమికి ముగించారా, లేక కర్నూలు పేరు ఖాయమైన ఆ వేసవిలోనే మొదలుపెట్టారా అన్నది పలక చెప్పదు, కానీ ఆయన లెక్క ఏమిటో మేడ చూస్తే అర్థమవుతుంది. నాలుగు గదులకూ వేర్వేరు తలుపులు, వరండా ఒకటే, మెట్లు అంగట్లో నుంచి కాకుండా సందులో నుంచి. సొంతానికి కట్టుకున్న మేడ అలా ఉండదు. అది బాడుగ కోసం కట్టింది.

ఇంకో మాట. మేడ మీద మూల గదిలో అటక మీదున్న రేకు పెట్టె మీరెవరూ తెరవలేదట. వరద నీళ్లు అంత ఎత్తుకు రాలేదు కాబట్టి అందులోవి బతికాయి. పైన రెండు పాత పంచాంగాలు, ఒక తక్కెడ రాయి, అడుగున ఎర్ర అట్ట బాడుగ పుస్తకం. జయ నామ సంవత్సరం చైత్రం నుంచి మొదలు, అంటే 1954 ఏప్రిల్. గదికి నెలకు రూ. 12-8-0, పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, అందుకే పుస్తకమంతా అణాల్లోనే ఉంది. గదుల్లో ఉన్నవాళ్ల పేర్లు లేవు, 'సెక్రటేరియట్ ఆయన', 'రికార్డు ఆయన', 'గుంటూరాయన' అని మాత్రమే ఉంది. ముగ్గురి పద్దూ దుర్ముఖి ఆశ్వయుజం దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత రెండు పేజీలు ఖాళీ. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది, ఆ ఏడు ఆశ్వయుజ అమావాస్య దీపావళి ఆ మర్నాడే. మీ నాయనగారు ఆ ఖాళీ పేజీలు రెండు మూడు సార్లు తిప్పి చూసి, 'మా అమ్మ చెప్పింది నిజమే' అన్నారు. మీ జేజి మాట గాలిమాట కాదు, దానికి ఇంత కచ్చితమైన కాగితం దొరకడం చాలా అరుదు, దయచేసి ఆ పుస్తకాన్ని ఇవాళే ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీసుకోండి.

బోర్డు రాయించాలంటే 1833 అనొద్దు, 1893 అనొద్దు. 'కింది అంగడి 1930కి ముందు, మేడ 1954' అని రాయించండి, అందులో ప్రతి అక్షరానికీ మీ దగ్గర రుజువుంది.

ప్రశ్న: అదే పాఠకుడి నుంచి. అయితే కింది అంగడి 1930కి ఎంత ముందుదో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే పాతవేమీ రావడం లేదు. కాగితాలన్నీ పోయాయి కదా అని పెద్దనాయనకు ఒకటే టెన్షన్.

జవాబు: ఆయన్ను దిగులు పడొద్దని చెప్పండి. మీ ఇంట్లో నానిపోయింది మీ ప్రతి మాత్రమే. రిజిస్టరైన ప్రతి దస్తావేజుకూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఉంటుంది, స్థిరాస్తివన్నీ మొదటి పుస్తకం అనే వాల్యూముల్లో ఎక్కుతాయి. వంద రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ మన తాతల కాలం నుంచే తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు వెళ్లి మాన్యువల్‌గా వెతికించమని అర్జీ పెట్టాలి, ఫీజు కట్టాలి. ఓపిక కావాలి, ఒక్క పూటలో అయ్యేది కాదు.

వెతకడానికి మీ దగ్గర మంచి కొస ఉంది, ఆ తనఖా పత్రం. ఆఫీసులో రెండు రకాల సూచికలు ఉంటాయి, ఒకటి మనుషుల పేర్లతో, ఇంకోటి ఆస్తితో. ఇప్పటి డోర్ నంబరు పట్టుకుని పాత పుస్తకాల్లోకి వెళితే దారి తప్పుతారు, ఆ నంబర్లు ఎన్నోసార్లు మారాయి. పేరుతో వెళ్లండి. తనఖా పెట్టిన మీ ముత్తాత పేరు, పట్టినాయన పేరు రాసుకుని 1931 నుంచి వెనక్కి ఏడాదేడాది చూడమనండి. మీ ముత్తాత ఈ అంగడిని కొన్నట్టయితే ఆ కొనుగోలు పత్రం వస్తుంది, అది దొరికితే అందులో అమ్మినాయన పేరు ఉంటుంది, మళ్లీ ఆ పేరుతో ఇంకా వెనక్కి. ప్రతి పత్రంలో చెక్కుబందీ తప్పకుండా చదవండి. తూర్పున ఎవరి అంగడి, దక్షిణాన ఏ సందు అని ఉంటుంది, అది కలిస్తేనే మీది. ఎక్కడైతే షెడ్యూల్లో 'మట్టిమిద్దె అంగడి' బదులు 'ఖాళీ జాగా' అని వస్తుందో అక్కడ ఆగండి. ఆ రెండు పత్రాల మధ్యలోనే మీ అంగడి కట్టారు. ఒకవేళ కొన్నది కాకుండా వారసత్వంగా వచ్చిందైతే భాగపరిష్కారాల (అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న పత్రాల) కోసం చూడండి.

రెండో దారి మున్సిపాలిటీ. కర్నూలుకు పురపాలక సంఘం 1866లోనే వచ్చింది, కార్పొరేషన్ అయింది 1994లో. ఇంటి పన్ను అసెస్‌మెంటు రిజిస్టర్లలో కట్టడం ఏ రకందో, ఏ ఏడు పన్ను పెరిగిందో ఉంటుంది. 1954 ప్రాంతంలో మీ పన్ను ఒక్కసారిగా పెరిగి ఉండాలి, అది దొరికితే మేడకు ఇంకో సాక్షి. బాడుగల మీద గొడవేదైనా కోర్టుకెక్కి ఉంటే ఆ కాగితాలు కూడా పనికొస్తాయి, అప్పట్లో ఇక్కడ నడిచింది 1949 నాటి మద్రాసు అద్దె నియంత్రణ చట్టం, ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం 1960లో వచ్చింది.

మీ పెద్దనాయన పునాది రాళ్లు కోట నుంచి తెచ్చినవని కూడా అన్నారు. కర్నూలు కోట గోడలు 1862లో పడగొట్టిన మాట నిజం, కొండారెడ్డి బురుజు చూస్తే ఆ కోట ఎంతటిదో ఊహించుకోవచ్చు. మీ అరుగు కింద రెండు రాళ్లు మిగతా వాటికంటే పెద్దవి, అంచులు నున్నగా చెక్కి ఉన్నాయి, నేనూ చూశాను. అయినా రాయి నున్నగా ఉంది కాబట్టి కోటదే అని రాసుకోవద్దు. పెద్దనాయన ఎవరి దగ్గర ఎప్పుడు విన్నారో ఆయన మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి, విన్నమాటను విన్నమాటగానే ఉంచితే రేపు ఎవరికైనా పనికొస్తుంది.

ప్రశ్న: మా పాత కొట్టు విప్పుతుంటే పెంకుల మీద ఇంగ్లీషులో 1865 అని అచ్చు ఉంది. అంటే మా కొట్టు 1865 నాటిదేనా? (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: కాదమ్మా. అది మంగళూరు పెంకు. అక్కడ బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో, ఆ సంవత్సరాన్ని తర్వాత కూడా పెంకుల మీద వేసుకున్నారు. మీ కొట్టు 1865 తర్వాతిది అని మాత్రమే దాంతో చెప్పొచ్చు. పైగా పెంకు చేతులు మారే వస్తువు, ఒక ఇంటిది విప్పి ఇంకో ఇంటికి వేస్తారు. పెంకును కాదు, దాని కింద దూలాన్ని, గోడను చూడండి. విప్పిన పెంకుల్లో పేరు స్పష్టంగా ఉన్న నాలుగైదు మాత్రం పారేయకుండా దాచండి.

ప్రశ్న: కర్నూలు నుంచే, మొదటి పాఠకుడి అక్కగారు. తమ్ముడికి మీరు పాతది అని చెప్పడంతో ఉంచేద్దామంటున్నాడు. కానీ కింద గోడలు నడుమెత్తు దాకా పొడి రాలి పెచ్చులు ఊడుతున్నాయి, ఫ్యాన్సీ షాపాయన గోడ కుళ్లిపోయింది పడగొట్టండి అంటున్నాడు. వరద తర్వాత మంచి సిమెంటుతో ప్లాస్టరింగ్ కూడా చేయించాం. నిజంగా కుళ్లిందా?

జవాబు: అక్కా, ఆ గోడ కుళ్లలేదు, దానికి ఊపిరాడటం లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మీ గోడ రెండడుగుల మందం నిండా నీళ్లు తాగింది. సున్నం గోడ నీళ్లు తాగుతుంది, ఎండలకు మళ్లీ వదిలేస్తుంది. అది దాని స్వభావం. మీ ప్లాస్టరింగ్ మేస్త్రీ దాని మీద గట్టి సిమెంటు పూయడంతో ఆ తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. లోపలే ఉండిపోయిన నీళ్లు ఉప్పును మోసుకుంటూ పైకి పాకుతాయి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆరి, ఉప్పు తెల్లగా పేలి, పెచ్చును తోసేస్తుంది. మీరు చూసే పొడి ఎక్కువగా ఆ ఉప్పే. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, ప్లాస్టర్ ఊడిన చోట గోడ పొడిగా, గట్టిగా ఉంది. ప్లాస్టర్ ఉన్న చోట చల్లగా తగులుతోంది.

సిమెంటు ప్లాస్టర్‌ను తేమ కనిపించే గీతకు ఒక మూడడుగులు పైదాకా చెక్కించేయండి, సుత్తితో బాదించకుండా చిన్న ఉలితో. ఒక వేసవంతా గోడను అలాగే వదిలేయండి, పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, కడగొద్దు. ఆ తర్వాత సున్నం, ఇసుకతో గార చేయించండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి గార చేసే పాత మేస్త్రీలు మన జిల్లాల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు, గుళ్ల మరమ్మతు పనులు చేసేవాళ్లను అడిగితే చెబుతారు. పైన ఆయిల్ పెయింట్ మాత్రం వేయించకండి. వానాకాలంలో ముందర అరుగు దగ్గర నీళ్లు నిలవకుండా కాలువ వాలు చూసుకోండి, గోడకు రోజూ నీళ్లు పెడుతూ గార మారిస్తే లాభం లేదు.

గోడకంటే నాకు ఎక్కువ భయం గోడౌన్లో పట్టెల గురించి. రెండు పట్టెల చివర్లు గోడలోకి దిగే చోట తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది, ఒక చోట ఇటుక కమానుకు వెంట్రుకంత బీట కూడా ఉంది. ఇది నేను చూసి చెప్పే విషయం కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి చూపించండి. ఆయన చూసి సరే అనేదాకా ఆ పట్టెల కింద సరుకు పెట్టనివ్వకండి, ఎవరినీ పడుకోనివ్వకండి. ఉంచాలా పడగొట్టాలా అన్నది మీ ఇంటివాళ్లు తేల్చుకోవాల్సిన మాట. కానీ 'గోడ కుళ్లింది' అనే కారణంతో మాత్రం తేల్చొద్దు.

ప్లాస్టర్ చెక్కేటప్పుడు మీరో మీ తమ్ముడో దగ్గరుండండి. చెప్పుల కొట్టులో ఆ ఏడు గూళ్లు కనిపించే వరసకు కొత్త గార పూయించొద్దు, ముందు పక్కన టేపు పెట్టి కొలత కనిపించేలా ఫోటో తీయండి, ఒక గూట్లో ఇటుక ముక్కలు నెమ్మదిగా తీసి చూడండి. పాత దూలం చివర కోసేసి లోపలే వదిలేయడం మేస్త్రీలకు అలవాటు. కట్టె ముక్క దొరికితే అది టేకో మద్దో ఏదైనా కడిగేయకుండా కాగితంలో చుట్టి ఆ రేకు పెట్టెలో, బాడుగ పుస్తకం పక్కనే పెట్టండి.